చుట్టపు చేప, ఇంటి చేప: జీలం లోయలో చేపలవేట

కశ్మీరు వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళలో దాల్ సరస్సులో షికారా ఎక్కనివాళ్ళు అరుదు. ఆ పడవ కింద ఏ చేప తిరుగుతోందని అడిగినవాళ్ళు ఇంకా అరుదు. అడిగి ఉంటే చోటుకో జవాబు వచ్చేది. పహల్‌గాంలో అడిగితే ట్రౌట్ అంటారు. శ్రీనగర్‌లో అమీరా కదల్ వంతెన దగ్గర చేపలమ్మే ఆడవాళ్ళ తట్టలోకి తొంగిచూస్తే మన చెరువుల్లో దొరికే బంగారుతీగే ఎక్కువగా కనిపిస్తుంది. వయసు మళ్ళినవాళ్ళను కదిపితే మూడో పేరు చెబుతారు: కశీర్ గాడ్. అంటే కశ్మీరు చేప.

ఈ మూడు జవాబుల వెనక మూడు వ్యవహారాలున్నాయి. ఏటి ఒడ్డున పర్మిట్ తీసుకుని గాలం వేసే సరదా వేట ఒకటి. సరస్సుల్లో వలనూ ఈటెనూ నమ్ముకుని బతికే హాంజీల వేట రెండోది. సిమెంటు తొట్లలో మేత వేసి చేపలు పెంచే వ్యాపారం మూడోది. దీన్ని వేట అనలేం గానీ ఇవాళ సర్కారు ఆశలన్నీ దీని మీదే ఉన్నాయి. నూటపాతికేళ్ళుగా చట్టమూ, కాపలా, ఖర్చూ మొదటిదాని చుట్టూ తిరిగాయి. ఇప్పుడు మూడోదాని వైపు మళ్ళుతున్నాయి. రెండోది, అంటే లోయలో సామాన్యుడి కంచంలోకి చేపను తెచ్చిపెట్టిన వేట, రెంటి మధ్యా నలిగిపోయింది. బయటి నుంచి వచ్చిన చేపకు దక్కిన మర్యాద పుట్టిన చేపకు దక్కలేదు. జీలం చేపల కథను ఏ వైపు నుంచి చదివినా చివరికి ఈ మాట దగ్గరికే చేరతాం.

నీళ్ళు నడిచే దారి

జీలం వెరినాగ్ ఊటలో పుడుతుంది. అనంతనాగ్ ప్రాంతంలో బ్రింగి, అరపత్, లిద్దర్ లాంటి ఏళ్ళు వచ్చి కలుస్తాయి. లిద్దర్‌కు ఒక పాయ కొలహోయ్ హిమానీనదం నుంచి, మరో పాయ శేష్‌నాగ్ సరస్సు వైపు నుంచి దిగుతుంది. రెండూ కలిసేది పహల్‌గాంలో. సోనమార్గ్ వైపు నుంచి సింధ్ అనే ఏరు వచ్చి షాదీపూర్ దగ్గర జీలంలో కలుస్తుంది. పేరు ఒకటే అయినా ఇది సింధు మహానది కాదు. శ్రీనగర్ నడిబొడ్డున పారిన నది వులర్ సరస్సులోకి దిగి, సోపోర్ దగ్గర బయటపడి, బారాముల్లా దాటాక ఇరుకు లోయలో పడి ఉరి వైపు దూకుతుంది.

ఇక్కడ సరస్సులు రెండు మెట్ల మీద ఉన్నాయి. కింది మెట్టు మీద దాల్, నగీన్, ఆంచార్, మానస్‌బల్, వులర్. ఇవి జనం మధ్యనున్న సరస్సులు. చుట్టూ ఇళ్ళు, కూరగాయల తోటలు, తామర మడులు. పై మెట్టు మీద, మూడున్నర వేల మీటర్లకు పైన, గంగబల్, విషన్‌సర్, కిషన్‌సర్, తార్‌సర్, మార్‌సర్. ఏడాదిలో చాలా నెలలు ఇవి మంచు కిందే ఉంటాయి. ఈ రెండు మెట్లనూ ముడివేసేవి ఏళ్ళు. మార్‌సర్ నీళ్ళు దాచీగాం అడవి గుండా దిగివచ్చి తెల్బల్ నాలాగా దాల్‌లో పడతాయి. సరస్సులో ఉండే చేప ఏటిలోకి వెళ్ళి రాగలిగినన్నాళ్ళే దాని వంశం నిలుస్తుంది. ఈ ముడి ఎక్కడెక్కడ తెగిందో చూస్తే చాలు, కశ్మీరు చేపల చరిత్ర సగం తెలిసినట్టే.

పుట్టిన చేప

1835లో కార్ల్ ఫన్ హ్యూగెల్ అనే ఆస్ట్రియా ప్రభువు కశ్మీరు చూసి, తిరిగి వెళ్తూ చేపల నమూనాలు పట్టుకెళ్ళాడు. వియన్నాలో యోహాన్ యాకోబ్ హెకెల్ వాటిని పరిశీలించి 1838లో కశ్మీరు చేపల మీద పుస్తకం వేశాడు. స్కైజోథొరాక్స్ అన్న ప్రజాతి శాస్త్రలోకానికి పరిచయమైంది దాంతోనే. ఇంగ్లీషువాళ్ళు తర్వాత వీటిని స్నో ట్రౌట్ అని పిలిచారు. పేరులో ట్రౌట్ ఉన్నా వంశం కార్పుదే. మన శీలావతికీ బొచ్చెకూ ఇవి దాయాదులు.

కశ్మీరీలు వీటిలో ఒక్కోదాన్నీ ఒక్కో పేరుతో గుర్తుపడతారు. ఒంటి మీద మచ్చలుండి, తోటి చేపల్ని కూడా మింగేది చురు. ఖొంట్‌కు నోరు తల కిందివైపు ఉంటుంది. కింది పెదవి గట్టిగా, అంచు కట్టినట్టుంటుంది. ఉరవడిలో రాయిని కరుచుకుని, దాని మీది నాచును ఆ పెదవితో గీక్కుని తినడానికే ఆ ఏర్పాటు. సత్తర్ గాడ్, చుష్ అని మరో రెండు. దాల్ లాంటి నిలవనీటిని ఇష్టపడే నల్లటి రకం ఆలె గాడ్. అయిదూ చన్నీటి చేపలే. అయినా తిండి వేరు, ఉండే లోతు వేరు. ఒకే సరస్సును ఇన్ని రకాలు పంచుకుని బతికాయంటే ఆ నీళ్ళెంత ఆరోగ్యంగా ఉండేవో ఊహించుకోవచ్చు.

వీటిలో చాలా రకాలు వసంతంలో మంచు కరిగి ఏళ్ళు నిండగానే సరస్సు వదిలి ఎదురెక్కుతాయి. చల్లగా, తేటగా పారే నీటి అడుగున గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడతాయి. పులస గోదావరికి ఎదురీదడం తెలిసిన మనకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పులస ప్రయాణానికి ఎలా హద్దు గీసిందో తెలిసినవాళ్ళకు, తెల్బల్ నాలాలో బురద పేరుకుంటే దాల్ చేపకు ఏమవుతుందో కూడా వేరే చెప్పనక్కర్లేదు.

ఓడెక్కి వచ్చిన చుట్టం

ట్రౌట్ ఈ నీళ్ళలో పుట్టింది కాదు. ఇంగ్లండులోనూ స్కాట్లండులోనూ గాలం వేసి పెరిగిన దొరలకు కశ్మీరు ఏళ్ళు చూడగానే తమ ఊరి ఏళ్ళు గుర్తొచ్చాయి. లోపించింది చేప ఒక్కటే. మహారాజా ప్రతాప్ సింగ్ కాలంలో, 1899లో, బెడ్‌ఫర్డ్ డ్యూక్ పంపిన పదివేల గుడ్లు దారిలోనే చచ్చిపోయాయి. 1900 డిసెంబరులో స్కాట్లండు నుంచి వచ్చిన రెండో విడత బతికింది. శ్రీనగర్‌లో తివాచీల వ్యాపారం చేసే ఫ్రాంక్ మిచెల్ అనే స్కాట్లండువాడు ఈ పని నెత్తికెత్తుకున్నాడు. హర్వన్‌లో హేచరీ పెట్టి పిల్లల్ని పెంచి ఏళ్ళలో వదిలారు. తర్వాత కొత్తగా ఏర్పడిన మత్స్యశాఖకు మిచెలే అధిపతి అయ్యాడు. ఇలా మొదట వచ్చింది బ్రౌన్ ట్రౌట్. రెయిన్‌బో ట్రౌట్ 1912లో వచ్చింది.

బ్రౌన్ ట్రౌట్‌కు కశ్మీరు అచ్చొచ్చింది. చల్లటి నీరు, నిండా ప్రాణవాయువు, గులకరాళ్ళ అడుగు, అన్నీ కుదిరాయి. శీతాకాలం మొదట్లో తనంతట తానే గుడ్లు పెట్టి ఏళ్ళలో స్థిరపడిపోయింది. గంగబల్, విషన్‌సర్, కిషన్‌సర్ లాంటి ఎత్తైన సరస్సుల్లోనూ దీన్ని వదిలారు. ఇవాళ ఆ సరస్సుల దాకా నడిచి వెళ్ళే ట్రెక్కర్లలో గాలం పట్టుకెళ్ళేవాళ్ళూ ఉంటారు. రెయిన్‌బో ట్రౌట్ మాత్రం ఏళ్ళలో అంతగా నిలదొక్కుకోలేదు. దాని దశ తిరిగింది పెంపకం తొట్లలో.

దొరలు చేపతోపాటు వేట పద్ధతినీ తెచ్చారు. ఏటిని బీట్లుగా విడగొట్టి, ఒక్కో బీటుకు రోజుకు ఇంతమందికే పర్మిట్ ఇస్తారు. లిద్దర్, బ్రింగి, సింధ్, గురేజ్‌లో కిషన్‌గంగ, ఇలా పేరున్న ఏళ్ళన్నిటి మీదా బీట్లున్నాయి. వల నిషిద్ధం. పేరున్న బీట్లలో ఎర గుచ్చడం కూడా కుదరదు. ఈక, దారం చుట్టి చేసిన బొమ్మ ఈగనే వాడాలి. రోజుకు ఇన్నింటికి మించి పట్టకూడదు, ఇంతకంటే చిన్న చేపను వదిలేయాలి. చలికాలం, అంటే ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, వేట బంద్.

ఈ వేటలో బలం పనికిరాదు. ట్రౌట్ బండరాయి వెనక, ఉరవడి తగ్గిన చోట, ఏటికి ఎదురుముఖంగా నిలబడి ఉంటుంది. తిండి పైనుంచి కొట్టుకొస్తుంది కాబట్టి దాని చూపంతా అటే. అందుకని వేటగాడు దిగువ నుంచి, వెనకపాటుగా, నీడ నీటి మీద పడకుండా రావాలి. ఈగ వేసిన దారం నీటిలాగే సాగాలి. ఉరవడి దారాన్ని లాగేసి ఈగ పక్కకు ఈడ్చుకుపోతే చేప నమ్మదు. పక్కనుండే స్థానిక షికారీ ఏ గంటకు ఏ పురుగు లేస్తుందో చూసి ఈగ మార్చి ఇస్తాడు. పర్మిట్ సొమ్ము శాఖకు చేరితే, షికారీ కూలీ, బస, గుర్రం బాడుగ ఊళ్ళో మిగులుతాయి.

ఈ ఏర్పాటుకు దక్కాల్సిన మెప్పు దక్కాలి. దేశంలో చాలా కొండ ఏళ్ళకు లేని కాపలా కశ్మీరు ఏళ్ళకు వందేళ్ళ కిందటే దొరికింది. బీటు కాపలాదారు ఉన్నచోట బాంబు వేసి, బ్లీచింగ్ పొడి చల్లి, కరెంటు పెట్టి చేపల్ని చంపేవాళ్ళు కొంతైనా జంకారు. ఆ కాపలా నీడలో స్థానిక చేప కూడా కాస్త తెరిపిన పడిందన్న వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ మూసివేత గడువును ట్రౌట్ పురుడును బట్టి పెట్టారు. ఏళ్ళు తెరిచే వసంతమే ఇంటి చేప గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే కాలం. పైగా బ్రౌన్ ట్రౌట్ మాంసాహారి. స్నో ట్రౌట్ పిల్లలు దానికి తేలిగ్గా దొరికే తిండి. చుట్టాన్ని కాపాడటానికి పెట్టిన నియమాలు ఇంటివాణ్ణి కూడా కాపాడతాయనుకోవడం సగమే నిజం.

ఈ సరదా వేట మీద ఆధారపడ్డ ఆదాయం ఎంత పెళుసో లోయ చాలాసార్లు చూసింది. 1990ల్లో తుపాకుల భయంతో విదేశీ వేటగాళ్ళు రావడం మానేశారు. 2025 ఏప్రిల్ 22న పహల్‌గాం దగ్గరి బైసరన్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మృతుల్లో విశాఖపట్నం, కావలి వాళ్ళూ ఉన్నారు. ఆ వెంటనే లోయలో సగానికి పైగా పర్యాటక స్థలాల్ని మూసేశారు. గాలం పట్టే చుట్టాలు రాని ఏడాది షికారీకి పనుండదు. వల పట్టే హాంజీకి ఆ సౌలభ్యం లేదు, ఎవరొచ్చినా రాకపోయినా మర్నాటి గింజలకు చేప పట్టాల్సిందే.

నీటి మీద బతుకులు

హాంజీలు పడవ మనుషులు. వాళ్ళలోనే హౌస్‌బోట్లు నడిపేవాళ్ళు, తేలే మడుల మీద కూరగాయలు పండించేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు అని పాయలున్నాయి. చేపలు పట్టేవాళ్ళను గాడ హాంజ్ అంటారు. దాల్, ఆంచార్, వులర్ ఒడ్డున వీళ్ళ ఊళ్ళున్నాయి. లోయలో పట్టే చేపల్లో సగానికి మించి వులర్ నుంచే వస్తాయని అంచనా.

విసురు వల అన్నిచోట్లా ఉన్నదే. చలికాలంలో మాత్రం ఇక్కడ ఒక ప్రత్యేకమైన వేట ఉంది, నీడ వేట. ఆంచార్, దాల్ సరస్సుల్లో చిన్న పడవలు గుంపుగా బయల్దేరతాయి. వేటగాడు పడవ ముందుభాగంలో బోర్లా వంగి, తలనూ భుజాలనూ దుప్పటితో కప్పుకుంటాడు. తడి గడ్డి కూడా వేసుకుంటాడు. పైవెలుతురు అడ్డుపడగానే నీటి మీది తళుకు పోయి అడుగు దాకా కనిపిస్తుంది. చలికి మందగించిన చేపలు ఆ నీడ కిందికి, కలుపు మొక్కల మధ్యకు చేరతాయి. చేతిలో నార్చు, అంటే పొడవాటి కర్రకు ఇనుప ముళ్ళు బిగించిన ఈటె. గురి చూసి ఒక్క పోటు. గంటల తరబడి ఆ వంపులోనే ఉండాలి, వేళ్ళు కొంకర్లు పోతాయి. ఈ వేటకు అడుగు కనిపించేంత తేట నీరు కావాలి. అలాంటి చోట్లు ఏటేటా తగ్గిపోతున్నాయి.

పట్టడం మగవాళ్ళ పనైతే అమ్మడం ఆడవాళ్ళది. శ్రీనగర్ వంతెనల దగ్గర, వీధి మలుపుల్లో తట్టలు పెట్టుకుని కూర్చుని, బేరమాడి, పొలుసు తీసి, కోసి ఇస్తారు. ఆ చేప తామర తూళ్ళతోనో ముల్లంగితోనో కలిసి కూరవుతుంది. చలికాలం కోసం ఎండబెట్టిన చేప, గడ్డి పొగలో కాల్చిన ఫరి ఇళ్ళల్లో దాచుకుంటారు. కశ్మీరీ పండితులు చలికాలంలో ఒక రోజు ఇంటి దేవతకు చేపా అన్నమూ నైవేద్యం పెట్టి గాడ బత్త జరుపుకుంటారు. ఇంట్లో మామూలుగా వండే చేపను దేవతకూ పెట్టారంటే, ఒకప్పుడు అది అందరికీ అందేదన్నమాట.

బంగారుతీగ ఎలా గెలిచింది

1956లో లోయకు బంగారుతీగను తెచ్చారు. పేదవాడి కంచంలోకి చవకగా మాంసకృత్తులు రావాలన్న సదుద్దేశమే దానికి కారణం. ఆ లెక్క ఫలించింది కూడా. ఈ చేపకు ఏరు అక్కర్లేదు, ఉరవడి అక్కర్లేదు. నిలవనీటిలో కలుపు మొక్కల మీదే గుడ్లు పెడుతుంది. బురద కెలికి దొరికింది తింటుంది. కొన్ని దశాబ్దాల్లోనే దాల్, వులర్ వలల్లో సింహభాగం దానిదైంది, స్నో ట్రౌట్ వెనక్కి జారింది.

ఈ నేరం మొత్తాన్నీ బంగారుతీగ నెత్తిన వేయడం అన్యాయం. దానికి అనువుగా సరస్సుల్ని మార్చి ఇచ్చింది మనుషులు. దాల్‌లోకి నగరం మురుగు దిగింది, హౌస్‌బోట్ల మురుగు తోడైంది, తోటల ఎరువులు కొట్టుకొచ్చాయి. పోషకాలు ఎక్కువై కలుపు పెరిగింది, అది కుళ్ళి అడుగున ప్రాణవాయువు తగ్గింది. 2023 మేలో దాల్‌లో చచ్చిన చేపలు తేలినప్పుడు, పై నీరు వెచ్చబడి అడుగు నీటితో కలవకపోవడమే కారణమని అధికారులు చెప్పారు. చేప రకాన్ని మారిస్తే తీరే సమస్య కాదిది.

వులర్ కథ ఇంకోలా నడిచింది. 1911లో దాదాపు 158 చదరపు కిలోమీటర్లున్న సరస్సు 2007 నాటి పరిశీలనలో దాదాపు 87కు తగ్గింది. కొండల్లో అడవి కొట్టేస్తే మట్టి దిగింది. ఆ మట్టి మేటల మీద వంటచెరకు కోసం, పండ్ల పెట్టెల కోసం సర్కారే విల్లో చెట్లు నాటించింది. చెట్లు మరింత మట్టిని పట్టి ఉంచాయి. 1990లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు ఒడ్డు నుంచి లోపలికి అడవైపోతూ వచ్చింది.

ఇది చదువుతుంటే కొల్లేరు గుర్తు రాక మానదు. కొల్లేరు కూడా 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. అక్కడ సరస్సును మింగింది చేపల చెరువుల గట్లే, 2006లో ఆ గట్లను పగలగొట్టాల్సి వచ్చింది. చెట్లైనా చెరువులైనా, రెండుచోట్లా మొదట ఎవరో ఒకరు సరస్సును ఖాళీ భూమిగా చూశారు. వులర్‌లో ఇటీవల లక్షల విల్లోలను నరికి, పూడిక తీసే పని సాగింది. 1992 వరదల తర్వాత కనిపించకుండా పోయిన తామర 2025లో అక్కడ మళ్ళీ పూసింది. పూడిక తీస్తే సరస్సు కోలుకుంటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. చేప కూడా తామర బాటే పట్టాలంటే, సరస్సుతోపాటు దానిలోకి దిగే ఏళ్ళనూ బాగుచేయాలి.

కట్టిన గోడలు

పాత ఇంగ్లీషు షికారు పుస్తకాల్లో సోపోర్ పేరు మహసీర్‌తో కలిసే కనిపిస్తుంది. కింది మైదానాల నుంచి జీలం వెంట ఎక్కి వచ్చే ఈ పెద్ద చేప కోసం దొరలు సోపోర్ వంతెన దగ్గర గాలాలేసేవాళ్ళు. ఇవాళ ఆ మాట కథగా వినాల్సిందే. దిగువన, ఇప్పుడు పాకిస్తాన్ అధీనంలో ఉన్న భాగంలో, 1967లో మంగళా ఆనకట్ట పూర్తయింది. ఎగువన 1997 నాటికి ఉరి విద్యుత్ కేంద్రం వచ్చింది. దారి మూసుకుపోయాక వులర్ దాకా మహసీర్ రావడం ఆగిపోయింది.

కిషన్‌గంగది మరో చిక్కు. గురేజ్ లోయలో పారే ఈ ఏరు ట్రౌట్‌కు పేరుమోసింది. సహజంగా అయితే ఇది వులర్‌కు రాదు, చాలా దిగువన ముజఫరాబాద్ దగ్గర జీలంలో కలుస్తుంది. 2018లో ప్రారంభమైన 330 మెగావాట్ల కేంద్రం కోసం దాని నీటిని కొండ కింది సొరంగం గుండా బండిపూర్ వైపు మళ్ళించి, చివరికి వులర్‌లోకి వదులుతున్నారు. ఆనకట్ట దిగువన సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్ల నీరు వదలాలని 2013లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం తీర్పిచ్చింది. దేశాల మధ్య నీటి తగాదాలో ఏటికీ బతికే హక్కుందని గుర్తించిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

వులర్ ముఖద్వారం దగ్గర నీటిని నిలిపి పడవలకు దారి కల్పించే తుల్‌బుల్ పథకం పని 1984లో మొదలై, పాకిస్తాన్ అభ్యంతరంతో 1987లో ఆగింది. 2025 ఏప్రిల్‌లో భారత్ సింధు జలాల ఒప్పందాన్ని నిలిపేశాక దాన్ని మళ్ళీ చేపట్టాలన్న మాట గట్టిగా వినిపిస్తోంది. చలికాలంలో సరస్సు మట్టం నిలబడితే వలవాళ్ళకు మేలు జరగవచ్చు. కానీ చేప రాకపోకలకు దారి వదలకుండా కడితే సోపోర్ దగ్గర మరో గోడ లేచినట్టే. పడవల సంగతీ కరెంటు సంగతీ మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. చేప తరఫున మాట్లాడేవాళ్ళే తక్కువ.

గోడలొక్కటే కాదు. రాంబియారా, విషవ్ లాంటి ఏళ్ళలో ఇసుక, గులకరాళ్ళ కోసం యంత్రాలు దిగాయి. చేప గుడ్లు పెట్టేది ఆ గులకరాళ్ళ మధ్యే. వాటిని లారీకెత్తితే అక్కడికి చేప వచ్చినా గుడ్లకు చోటుండదు. దిగువకు పారే బురద మొప్పల్ని మూసేస్తుంది. మంచు తగ్గిన చలికాలాలు వరసగా రావడంతో ఊటల మీదా నమ్మకం పోతోంది. 2025 ఫిబ్రవరిలో మొగలాయి తోటకు ప్రాణమైన అచ్ఛబల్ ఊట ఎండిపోయి వార్తల్లోకెక్కింది. అంతకు ముందు 2022 ఫిబ్రవరిలో బ్రింగి ఏటి అడుగున, వందేవల్‌గాం దగ్గర, సున్నపురాతి నేలలో గొయ్యి పడి ఏరంతా అందులోకి దిగిపోయింది. దిగువన ఏరు ఎండి, పేరున్న ట్రౌట్ బీట్లలో చేపలు గిలగిల్లాడి చచ్చాయి. ఎంత కాపలా ఉన్నా నీళ్ళు లేని ఏటిలో కాపాడేదేముంటుంది?

తొట్టి చేప తీర్చేదెంత?

1984లో ఐరోపా ఆర్థిక సమాజం సాయంతో కోకర్‌నాగ్‌లో మొదలైన ట్రౌట్ పథకం మూడో అధ్యాయానికి నాంది. ఊట నీరు ఒక చివర పడి మరో చివర పోయే పొడవాటి సిమెంటు తొట్లు, అందులో కిక్కిరిసిన రెయిన్‌బో ట్రౌట్, గుళికల మేత. మొదట సర్కారుకే పరిమితమైన పని మెల్లగా రైతుల చేతికొచ్చింది. 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చాక, తొట్టి కట్టుకునేవాళ్ళకు ఖర్చులో 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం రాయితీ దొరుకుతోంది. ఏళ్ళ తరబడి కొన్ని వందల టన్నుల దగ్గరే ఆగిన ట్రౌట్ దిగుబడి ఇప్పుడు రెండు వేల టన్నులు దాటింది. చదువుకున్న యువతకు ఇది ఉపాధి. తొట్టిలో చేప దొరుకుతుంటే ఏటి చేప మీద ఒత్తిడి తగ్గుతుందన్న ఆశా సబబే.

అయితే ట్రౌట్ చవక చేప కాదు. హోటళ్ళకూ పర్యాటకులకూ, ఢిల్లీ లాంటి నగరాలకూ పోయే సరుకు. అమీరా కదల్ దగ్గర అరకిలో చేప కోసం బేరమాడే ఇల్లాలి కూరలోకి అది రాదు. పైగా తొట్టికి కావలసిన చల్లటి ఊట నీరు, ఏటికి కావలసిన నీరు ఒక్కటే. ఊట సన్నగిల్లిన ఏడాది రెండూ పోటీ పడతాయి. తొట్టి నుంచి వచ్చే వ్యర్థం చివరికి కింది ఏటిలోకే పోతుంది. మరో సంగతీ కశ్మీరు గమనించాలి. నీటిని చల్లబరిచి, శుద్ధి చేసి మళ్ళీ మళ్ళీ వాడే పద్ధతిలో రంగారెడ్డి జిల్లా కందుకూరులోనే రెయిన్‌బో ట్రౌట్ పెంచే కేంద్రం వచ్చింది. దక్కను ఎండలో ట్రౌట్ పెరిగాక, దాని మీద కొండలకు ప్రత్యేక హక్కేమీ మిగలదు. జీలం లోయ తనదని చెప్పుకోగల చేప కశీర్ గాడ్.

లెక్క తేలేది ఎక్కడ?

ఇంతదాకా చూసినదాన్నిబట్టి తీర్పు చెప్పడం కష్టం కాదు. సరదా వేట ఏళ్ళకు కాపలానిచ్చింది, దాన్ని తీసేయకూడదు. పెంపకం ఉపాధినిచ్చింది, దాన్ని ఆపనక్కర్లేదు. బంగారుతీగ పేదవాడికి చేపనిచ్చింది, ఇప్పుడు దాన్ని వెళ్ళగొట్టడం ఎవరి తరమూ కాదు. జరిగిన తప్పల్లా, ఈ మూడూ పుట్టిన చేప స్థానాన్ని భర్తీ చేస్తాయనుకోవడం. అది భర్తీ అయ్యేది కాదు. సరస్సుకూ ఏటికీ మధ్య ముడి బతికుందో లేదో చెప్పగలిగేది ఆ చేప ఒక్కటే.

చేయాల్సిన పనులు పెద్ద ఖర్చువేం కావు. దాల్, వులర్ సరస్సుల్లోకి దిగే ఏళ్ళ ముఖద్వారాల్లో వసంతకాలపు మూసివేతను ఇంటి చేప పురుడును బట్టి ఖరారు చేయాలి. ఆ నెలల్లో హాంజీ కుటుంబాలకు భృతి ఇవ్వాలి. మన తీరంలో వేట నిషేధ కాలంలో మత్స్యకారులకు ఇస్తున్నదే కదా, అది లోతట్టు నీళ్ళకు ఎందుకు పనికిరాదు? గుడ్లు పెట్టే చోట్లలో గులకరాళ్ళ తవ్వకానికి ఏ మినహాయింపూ ఉండకూడదు. ట్రౌట్ వదలని ఎత్తైన సరస్సులు ఇంకా ఉంటే వాటిని అలాగే వదిలేయాలి. భీమ్‌తాల్‌లోని శీతలజల మత్స్య పరిశోధన సంస్థ, షేర్-ఎ-కశ్మీర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటివి స్నో ట్రౌట్ మీద చేసిన పని హేచరీల దాకా చేరాలి. అన్నిటికంటే ముందు, బీటు కాపలాకు షికారీని పెట్టుకున్న శాఖ సరస్సు కాపలాకు వలవాళ్ళనే పెట్టుకోవాలి. ఏ మలుపులో ఏ వారం ఏ చేప ఎక్కుతుందో వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కశ్మీరు వెళ్ళే పాఠకులకు ఒక మాట. గాలం వేయాలనుంటే పర్మిట్ తీసుకుని, షికారీ చెప్పినట్టు వేయండి. చిన్న చేప పడితే చేయి తడిపి పట్టుకుని నీటిలో వదిలేయండి. తినాలనుంటే తొట్టి ట్రౌటో, హాంజీ ఆడవాళ్ళు అమ్మే బంగారుతీగో నిశ్చింతగా తినండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రం ఎవరైనా ఊరించి కశీర్ గాడ్ వండిపెడతామంటే వద్దనండి. హౌస్‌బోట్ తీసుకునే ముందు మురుగు ఎక్కడికి పోతుందని అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే పక్క బోటు చూసుకోండి.